మధ్యలో స్తోత్రం

మా మనవరాలు షెరిన్ బ్లూస్ పాటలు, అంటే అమెరికా నల్లవాళ్ళ పాటలు పాడుతుంది. ఇంగ్లండులో జరిగే పాటల పండక్కి ఒకరిని ఎంచుకోవడానికి అక్కడి ముసలి గిటారు దొర మేముండే డెట్రాయిట్ వచ్చాడు. షెరిన్ ఆయన ముందు పాడుతుంటే నేను వెనక కుర్చీలో కూర్చున్నాను.

పిల్ల ఒక వరస పాడి ఆగింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. మా తెలుగు చర్చిలో పాస్టరు ఆగినప్పుడల్లా అనే అలవాటు కదా, "స్తోత్రం!" అని గట్టిగా అనేశాను. మళ్ళీ ఆగింది, మళ్ళీ అన్నాను. పాడే వంతు కోసం చూస్తున్న తక్కినవాళ్ళంతా చప్పుడు లేకుండా కూర్చున్నారు, నా నోరే ఊరుకోలేదు.

పాట అయ్యాక దొర తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. పిల్ల ఛాన్స్ నేనే పాడుచేశానని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన ఏదో అంటే షెరిన్ పడీపడీ నవ్వింది.

"అమ్మమ్మా, సెలెక్ట్ అయ్యాం! ఇంగ్లండులో వాళ్ళు బ్లూస్ అంతా ఇక్కడి రికార్డులు విని నేర్చుకున్నారట. పాడేవాళ్ళు ఆగితే వినేవాళ్ళు బదులు పలకాలని ఆ రికార్డుల్లో తెలియలేదట. అక్కడి జనం ఇప్పటికీ బొమ్మల్లా కూర్చుంటారట. నువ్వొచ్చి నేర్పాలంట!"

"ఇంగ్లండు వాళ్ళకి నేను నేర్పడమేంటే! అక్కడి చలికి నా గొంతు పట్టేస్తేనో?"