రెండోసారి వచ్చిన ఫైరింజన్

"మీకసలు బుద్ధుందా? కాలిన స్కూటర్‌ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?"

ఫైరింజన్ సిబ్బంది లీడరమ్మ అరుపుకి వీధంతా బయటికొచ్చింది. పొద్దున ఈ గుమ్మం ముందే ఆర్పిన కరెంటు స్కూటర్ మధ్యాహ్నం ముందుగదిలో మళ్లీ అంటుకుంది. ఆమె మనుషులు దాన్ని కొక్కేలతో బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచారు. నీళ్లింకా బుడబుడమంటున్నాయి.

ఇంటావిడ భుజం మీద మనవరాలు ఆగకుండా దగ్గుతోంది.

"చంటిపిల్ల లోపలే ఉంది కదా! పైన మంట ఆరినా బ్యాటరీ లోపల వేడి రోజంతా ఉంటుంది, మళ్లీ రాజుకుంటుంది. ఆ మాత్రం తెలీదా?"

"తెలీదు తల్లీ! ఎవరు చెప్పారు?" ఆవిడ గొంతూ లేచింది. "'ఆరిపోయిందక్కా, ఇక భయం లేదు, దారికడ్డంగా ఉంది తీయించండి' అని పొద్దున నవ్వుతూ చెప్పి పోయింది నువ్వు కాదూ?"

వంటగది కాలినా, గడ్డివాము కాలినా, పదిహేనేళ్లుగా ప్రతి ఇంటి ముందూ లీడరమ్మ చెప్పే మాటే అది.

డ్రైవర్ రిపోర్టు కాగితం పట్టుకొచ్చాడు. "ఇంటివాళ్ల నిర్లక్ష్యమని రాసేదా మేడం?"

"కాదు." కోపం ఇంకా దిగలేదు. "మనం చెప్పకుండా వెళ్లిపోయామని రాయి. మనం కాదు, నేను."