సారవ్వ అడిగిన పొట్లం

హర్షిణి పోయిన రోజు తండ్రి వేణుమాధవ్ బొగ్గుబాయిలో మొదటి షిఫ్టులో, భూమి లోపల ఉన్నాడు. టీచరైన తల్లి అనసూర్య తన బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

ఒంటిపూట బడి వదిలాక సైకిల్ మీద ఇంటికి వస్తున్న పిల్లను మలుపులో లారీ కొట్టింది. ఏడో తరగతి పిల్ల.

"ఏమన్నా అన్నదా?" దవాఖానలో అంబులెన్స్ అతన్ని అనసూర్య అడిగింది.

"నేను ఎక్కించుకునేటాళ్లకే మాట లేదమ్మా."

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, పప్పు, హర్షిణికి ఇష్టమైన సేమియా. పెట్టి, అందరూ దూరంగా జరిగారు.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ తిరిగింది. ముట్టకుండానే ఎగిరిపోయింది.

"పిల్ల మనసుల ఏదో ఉండిపోయింది," అంది అత్త కనకవ్వ. "ఏం కోరుకున్నదో ఏమో."

ఆ మాట అనసూర్యను వదల్లేదు. పిల్ల పోయిన ఆ మలుపు దారిన ఆమె మళ్ళీ నడవలేదు కూడా.

"నలుగురికి కడుపునిండ పెట్టండమ్మా, బిడ్డకు చేరుతది," అన్నాడు గుడి అయ్యగారు.

అప్పటి నుంచి ఏటా అదే తిథికి ఆంజనేయస్వామి గుడిలో అన్నదానం. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. అనసూర్యే స్వయంగా వడ్డించేది. ఆమె పెట్టిన నియమం ఒకటే. వచ్చినవాళ్ళు బంతిలో కూర్చుని, తన కళ్ళ ముందే తినాలి. తింటున్న ముఖాలను చూస్తూ నిలబడేది.

ఆ నియమం సారవ్వకు పట్టేది కాదు.

బక్కపలచటి ముసలావిడ. ఎవరో, ఎక్కణ్ణుంచి వస్తుందో అనసూర్యకు తెలియదు. మొదటి ఏడాది నుంచీ వస్తోంది. కూర్చునేది, ముద్ద ముట్టేది కాదు.

"పొట్లం గట్టియ్యి బిడ్డా. సేమియా జరంత ఎక్కువెయ్యి."

"ఇక్కడ్నే తినాలె అవ్వా."

"నాకు గాదు."

వేణుమాధవ్‌తో పనిచేసే అంజి వడ్డన గరిటె పట్టుకుని నవ్వేవాడు. "మరి ఎవలికవ్వా? ఇంట్ల మొగడు షిఫ్టు దిగి వచ్చిండా?"

"నా మొగడు పోయి శానా ఏండ్లాయె. నీ అసొంటోడు కనవడితె మళ్ల చేసుకుందునా అని సోచాయిస్తున్న."

బంతి అంతా నవ్వేది. పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. ఇచ్చినా సారవ్వ కదిలేది కాదు.

"బిడ్డా, నీతోని ఒక్క మాట."

"చెప్పవ్వా."

సారవ్వ అటూ ఇటూ చూసేది. "నలుగుట్ల చెప్పేది గాదు. జర పక్కకు రా."

పింఛను కోసమో, రేషన్ కార్డు కోసమో అనుకునేది అనసూర్య. టీచర్ల దగ్గరకు ముసలివాళ్ళు అందుకే వస్తారు. "తర్వాత విందాం అవ్వా, బంతి నడుస్తున్నది," అనేది. బంతి లేచేసరికి సారవ్వ వెళ్ళిపోయి ఉండేది.

పోయినేడు సారవ్వను చూసి ఇంకొందరు పొట్లాలు అడిగారు. అనసూర్యకు విసుగొచ్చింది.

"ఇది నా బిడ్డ పేరు మీద పెడుతున్న అన్నం అవ్వా. మూట గట్టుకపోయే అన్నం గాదు. తింటే తిను, లేకుంటే లేదు."

సారవ్వ ఆమె ముఖంలోకి చూసింది. విస్తరి ముందు నుంచి మెల్లగా లేచి పోయింది.

ఈ ఏడు సారవ్వ రాలేదు.

ఆఖరి బంతి లేచేదాకా అనసూర్య గుడి మెట్ల వైపు చూస్తూనే ఉంది. తర్వాత తనే పొట్లం కట్టింది. సేమియా ఎక్కువే వేసింది.

"ఆ అవ్వ యాడుంటది అంజన్నా?"

అంజి గరిటె పక్కన పెట్టాడు. "ఆ మలుపు కాడనే, టీచరమ్మా. పోశం పంక్చర్ షాపు ఎనుక."

అనసూర్య ఆ దారిన నడిచింది.

పోశం ట్యూబు పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. "సారవ్వనా? చలికాలంల పోయింది గద టీచరమ్మా."

అనసూర్య చేతిలోని పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

"మీరిచ్చిన పొట్లం గా రాయి మీద పెట్టేది," అన్నాడు పోశం, రోడ్డు పక్కకు చూపిస్తూ. "మీ బిడ్డ పడ్డ తావు అదే. పోయినేడు ఇంట్ల వండుకచ్చి పెట్టింది."

"ఆమె ఎందుకు పెట్టేది?"

పోశం ఆశ్చర్యంగా చూశాడు. "మీకు చెప్పలేదా? లారీ కొట్టినంక పిల్లను ఒళ్లె పండవెట్టుకున్నది ఆ అవ్వనే. అంబులెన్స్ వచ్చేదాక కొంగుతోని మొఖం తుడుసుకుంట కూసున్నది. పిల్ల ఆమె చెవుల ఏదో చెప్పింది. మేమందరం అడిగినం. 'తల్లికి చెప్పాలె, మీకేంది' అన్నది."

"ఇంటికి రాకపోయిందా?"

"వచ్చిందట. మీరు తెలివి లేకుంట పడుకొని ఉన్నరట. అన్నం పెట్టేనాడు తల్లి మనసు గట్టిగుంటది, ఆనాడు చెప్త అనేది."

అనసూర్య రాయి దగ్గరకు వెళ్ళింది. అన్నం మెతుకులతో, వానలతో నల్లబడిన చిన్న రాయి.

"పెట్టినప్పుడల్లా గిక్కడ్నే వంగి, 'ఈయేడు చెప్త బిడ్డా, మీ అమ్మకు తప్పకుంట చెప్త' అనేది," అన్నాడు పోశం వెనక నుంచి. "అప్పుడు కాకి దిగేది."

అనసూర్య పొట్లం విప్పి రాయి మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడింది.

కాకి షాపు రేకుల మీదికి వచ్చి కూర్చుంది. దిగలేదు.

సారవ్వ చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట అనసూర్య వినలేదు.