దిద్దనివ్వని అక్షరం

లాప్‌టాప్ తెరవగానే ఆమె గుండె జారిపోయింది.

మూడువందల పన్నెండు చైనా పాటలు. ఏ పాతికో తప్ప ఒక్కదానికీ పేరు లేదు. పేరుండాల్సిన చోట కొక్కేలు, నెత్తిన చుక్కలు మోస్తున్న ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు. అచ్చం కోడి గీకినట్టుంది.

నత్తనడక నడుస్తోందని ముందురోజే రిపేరు షాపులో ఇచ్చి, విండోస్ తీయించి దాని బదులు లైనక్స్ వేయించుకుంది. వేగమైతే వచ్చింది గాని పేర్లు పోయాయి.

ఆమె చైనా భాష నుంచి అనువాదాలు చేస్తుంది. ఆ భాష ఆమెకు ఏ బడిలోనూ అబ్బలేదు, ఈ పాటల్లోనే అబ్బింది. ఇరవై ఏళ్ల కిందట హాస్టల్ గదిలో, స్నేహితురాలూ తనూ ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని విన్న పాటలివి. ఎవరో ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టారు. పెట్టినవాళ్లు ఎంత ఓపిగ్గా పెట్టారని. ప్రతి పాటకూ పేరు, పాడినవారు, సంవత్సరం, కింద నేర్చుకునేవాళ్ల కోసం తేలిక మాటల్లో ఒక వాక్యం. ఆ వాక్యాలే ఆమెకు తొలి వాచకం.

ఆ మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే చేతులు పట్టుకుని నాలుగు మంచిమాటలు చెప్పాలని ఎన్నిసార్లు అనుకుందో.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని షాపుకు వెళ్లింది.

షాపు నడిపే అమ్మాయి తెర చూసి పెదవి విరిచింది. "ఇది మా బాబాయే చూడాలండీ" అని వెనక బల్ల చూపించింది.

అక్కడ ఒక పెద్దాయన పాత కీబోర్డు మీటలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే బ్రష్‌తో తుడుస్తున్నారు. లాప్‌టాప్ అందుకుని, పాటల జాబితాను పైనుంచి కిందిదాకా చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

పేర్లు ఎక్కడికీ పోలేదనీ, లోపల భద్రంగానే ఉన్నాయనీ చెప్పారు. అవి రాసిన రోజుల్లో చైనా అక్షరాలకు వేరే సంకేతాలు వాడేవారట. ఆ సంగతి తెలియని లైనక్స్ వాటిని తనకొచ్చిన పద్ధతిలో చదువుకుపోతోందట.

"పాత పద్ధతిలో చదివి కొత్త పద్ధతిలో రాసుకోమని చెబితే చాలమ్మా. ముందు ఒక్క పాట మీద చూద్దాం."

అన్నిటికీ నకలు తీసి పక్కన పెట్టారు. నల్లటి తెర తెరిచి ఒకే ఒక్క వరుస టైపు చేశారు.

కొక్కేలు మాయమై నాలుగు చైనా అక్షరాలు నిలబడ్డాయి. వాటి కింద, ఆమెకు కంఠతా వచ్చిన వాక్యం. 'రెండో చరణంలో ఆమె గొంతు వణుకుతుంది, అది లోపం కాదు.'

హాస్టల్ గది, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్లు, పక్కన స్నేహితురాలి తలనూనె వాసన. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

పెద్దాయన కూడా ఆ వాక్యాన్ని కాసేపు చూసి, మొహం తిప్పుకుని కీబోర్డు మీటలు సర్దసాగారు.

బాగున్న పాతికను ఆయన ముందే వేరు చేశారు. వాటిని మళ్లీ మారిస్తే మొదటికే మోసమట. మిగతా పాటలన్నిటికీ రెండు నిమిషాల్లో పేర్లు వచ్చేశాయి. ఆయన ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్లి, ఒకచోట ఆగి ఏదో మార్చారు.

"ఇందులో ఒక అక్షరం తప్పమ్మా. 'ఏటి ఒడ్డున దీపం' అని ఉంది. అది దీపం కాదు, ఎదురుచూపు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే రెండు మాటలూ ఒకటే. దిద్దేశాను."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"మీకు చైనా భాష వచ్చా?"

"చదవడం వరకు. అదీ కొంచెం."

"ఆ కొంచెంతో దీని జోలికి రాకండి. ఇవి రాసిన మనిషికి తెలియనిది మీకు తెలుస్తుందా? నాకు భాష పెట్టిన చెయ్యండీ అది."

పెద్దాయన వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి.

"అలాగేనమ్మా, దీపమే ఉంచుదాం" అని తప్పును ఎక్కడిదక్కడ పెట్టేశారు.

నాలుగు నెలల తర్వాత, ఒక పాటల పుస్తకం కోసం ఆమె ఆ పాటను అనువదించడానికి కూర్చుంది. ఒకటికి మూడుసార్లు విన్నది. పాట మొత్తంలో దీపం ఊసే లేదు. రాని పడవ కోసం ఒకామె ఒడ్డున నిలబడి ఉంది, అంతే. ఆ మాట దగ్గర గాయని గొంతు కిందికి దిగి పైకి లేచింది. దీపమైతే అలా పలకరు. ఎదురుచూపే.

అన్న మాటలన్నీ గుర్తొచ్చి ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్లింది, తప్పు ఒప్పుకుందామని.

వెనక బల్ల ఖాళీగా ఉంది.

బాబాయ్ పోయి నెల దాటిందని చెప్పింది అమ్మాయి. నిద్రలోనే పోయారట, ఎవరి చేతా చేయించుకోకుండా.

ఆయన చైనా భాష ఎక్కడ నేర్చుకున్నారని ఆమె అడిగింది.

వయసులో ఉండగా ఓడల మీద పనిచేశారనీ, రేవు రేవునా క్యాసెట్లు కొనేవారనీ, పక్కన నిఘంటువు పెట్టుకుని ఆ పాటలు వినేవారనీ చెప్పింది అమ్మాయి. చెబుతూ చెబుతూ ఆమె మొహంలోకి చూసి గుర్తుపట్టి, చిన్నగా నవ్వింది.

"మీరొచ్చిన రోజు బాబాయ్ ఇంటికొచ్చి మా పిన్నిని కూర్చోబెట్టి, 'ఆ పాటలకు పేర్లు రాసినప్పుడు నేను చేసిన తప్పును, ఇరవై ఏళ్ల తర్వాత నన్నే దిద్దనివ్వలేదే ఒకమ్మాయి' అని చెప్పి చెప్పి మురిసిపోయారండీ."