పింఛను కుక్క

ఓట్లు రెండుకు రెండు పడ్డాయి. మిగిలింది వెర్లిన్ క్రాట్జ్ ఓటు.

ఊళ్లో గంజాయి కొట్టుకు చోటివ్వాలా వద్దా అన్నది ఆ ఒక్క ఓటుతో తేలిపోతుంది. పురపాలక భవనం కిక్కిరిసింది. బయట బీటుదుంపల లారీలు చక్కెర ఫ్యాక్టరీకి పోతున్నాయి. లోపల తడి బూట్లు, తడి కోట్లు, మాడిన కాఫీ వాసన.

వెర్లిన్ మైకు చేతబట్టి బల్ల ముందుకొచ్చాడు. తొందరపడలేదు. ఎదుట ఉన్న మొహాలన్నీ ఆయనకు దుంపల కుప్పలా కనిపించాయి. అదీ కడగని దుంపలు. సాటి సభ్యులూ అంతే. సరేనన్న ఇద్దరూ ఇంటికప్పు మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే రేకు కోళ్లు. వద్దన్న ఇద్దరిదీ నీతి కాదు, వెర్లిన్ అంటే భయం.

మొదటి వరసలో డీనా సోబ్‌చాక్ కూర్చుంది. ఫ్యాక్టరీ ఆమెను పనిలోంచి తీసేశాక, మూతపడ్డ ఇనుప సామాన్ల దుకాణంలో ఈ కొట్టు పెడతానని అర్జీ పెట్టుకుంది. కాదంటే పిల్లల్ని వెంటేసుకుని ఊరు వదలడమే. ఆ సంగతి వెర్లిన్‌కూ తెలుసు.

“ఊరంతా కంపు కొడుతుంది” అన్నాడాయన.

“ఫ్యాక్టరీ కంటేనా?” అన్నారెవరో వెనకనుంచి.

“నవ్వండి. రేపు మీ పిల్లలు మత్తెక్కి వాకిట్లో దొర్లుతుంటే అప్పుడూ నవ్వండి.”

డీనా లేచింది. “నొప్పులతో అల్లాడేవాళ్లు కూడా కొంటారండీ. ఇప్పుడు మనవాళ్లే పక్క ఊరికెళ్లి తెచ్చుకుంటున్నారు.”

“ఎవరమ్మాయ్ ఆ మనవాళ్లు? పేర్లు చెప్పు.”

డీనా కూర్చుంది.

“నొప్పులట! మోకాళ్లు పట్టేసి రెండు శీతాకాలాలు నేను మెట్టెక్కలేదు. గంజాయి తాగానా? మా ఆవిడ కుట్టుపని స్నేహితురాలెవరో కాచిన తేనెమైనం లేపనం రోజూ ఆవిడ చేత పూయించుకుంటున్నా. ఇవాళ చూడండి, గిత్తలా ఉన్నా. మీకున్నది నొప్పి కాదు, ఒళ్లు బద్ధకం.”

మూడో వరసలో ఆయన భార్య ఆర్డిస్ తల దించుకుంది. మొగుడు నలుగురిలో గొంతు పెంచినప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది.

తలుపు దగ్గర, కాపలాకొచ్చిన పోలీసు లెమ్కీ పక్కన, గన్నర్ నిలబడి ఉంది. అది ఒకప్పటి పోలీసు కుక్క. గంజాయి నేరం కాదని రాష్ట్రం చట్టం చేశాక, ఆ ఒక్క వాసన పట్టడమే చదువుగా నేర్చిన గన్నర్‌కు ఉద్యోగం పోయింది. దాన్ని వెర్లిన్ పెంచుకోవడానికి తెచ్చుకున్నాడు. అప్పగించేటప్పుడు లెమ్కీ, “సార్, దీని అలవాటు ఒకటి చెప్పాలి” అంటూ నసిగాడు. “నువ్వు పుట్టకముందే కుక్కల్ని పెంచాను. తాడు ఇటివ్వు” అన్నాడు వెర్లిన్.

ఊళ్లో ఆయన మెచ్చుకునే ప్రాణి అదొక్కటే. సాయంత్రం ఆయన పడక్కుర్చీలో కాళ్లు చాపితే చాలు, ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. కన్నార్పదు. పిలిచినా కదలదు. మర్యాద అంటే అదీ అనుకునేవాడు వెర్లిన్. కన్న కొడుకులు కూడా తన ఎదుట అంత ఒద్దికగా ఎప్పుడూ కూర్చోలేదు.

“ఓటేసే ముందు ఒక పరీక్ష” అన్నాడు వెర్లిన్. “లెమ్కీ, కుక్కను వదులు. ఈ నొప్పుల మనుషుల సంగతి అదే తేలుస్తుంది.”

“సార్, అది మరి...”

“వదలమన్నానా!”

డీనా మీద ఒక్క మొరుగు మొరిగితే చాలు. తర్వాత తను మాట్లాడే పనే ఉండదు.

గన్నర్ వరసల మధ్య నడిచింది. ముసలి నడక. డీనా సంచి మూచూసింది. బూట్లు మూచూసింది. తోక ఊపి ముందుకు పోయింది. ఆర్డిస్ దగ్గర ఆగబోయింది. ఆమె చేతులు కోటు జేబుల్లో దోపుకుని మోకాలితో దాన్ని అవతలికి నెట్టింది. చివరికి తిన్నగా వెర్లిన్ దగ్గరికొచ్చి, ఆయన మోకాలికి జానెడు దూరంలో ముక్కు పెట్టి, ఎప్పటిలాగే కూర్చుండిపోయింది.

“దానికీ పింఛనే, దాని ముక్కుకీ పింఛనే!” అన్నారెవరో. హాలు గొల్లుమంది.

వెర్లిన్ మెడ ఎర్రబడింది. “నవ్వండ్రా! ఇంతమందిలో అది ఎవరి ముందు కూర్చుందో చూడండి. కుక్కకున్న బుద్ధి మీకుంటే ఈ ఊరు ఇలా ఏడ్చేది కాదు.”

ఆర్డిస్ గబుక్కున లేచింది. “వెర్లిన్, ఆ ఓటేదో వేసెయ్. ఇంటికి పోదాం.”

“నువ్వు కూర్చో.”

తలుపు దగ్గర లెమ్కీ టోపీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. అది వెర్లిన్ కంట పడింది.

“ఏం అబ్బాయ్, నీకూ నవ్వులాటగానే ఉందా? ఇన్నేళ్లూ దీనికి నువ్వేగా నేర్పింది? ఇంత హాలు తిరిగొచ్చింది, ఒక్కసారైనా మొరిగిందా?” అని, జవాబు అందరికీ వినపడాలని మైకు లెమ్కీ వైపు చాపాడు.

లెమ్కీ దగ్గరికొచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, మైకులోకి వంగి అన్నాడు. “దీనికి మొరగడం మేం నేర్పలేదు సార్, గంజాయి ఎక్కడ తగిలితే అక్కడ ఇలా ఎదురుగా కదలకుండా కూర్చోవడమే నేర్పాం.”