పచ్చలైటు పట్టీ

కూలీలను ఎవరూ బలవంతంగా పనిలో పెట్టుకోకూడదని సర్కారు తెచ్చిన పట్టీ, తోటపని చేసే మణెమ్మ చేతికి పచ్చగా వెలుగుతోంది. బంగళా మేడమ్ దాన్ని ఫొటో తీసి, "మా తోటలో అందరూ స్వేచ్ఛగా పనిచేసేవాళ్లే!" అని చుట్టాలకు పంపి మురిసిపోయింది.

మణెమ్మకు ఒళ్లు మండింది. పట్టీ రోజూ పొద్దున్నే "ఇష్టంతోనే చేస్తున్నారా?" అని అడుగుతుంది. కాంట్రాక్టర్ శేషుబాబు పక్కనే నిలబడి, కళ్లెర్రజేసి మరీ అందరిచేతా "అవును" అనిపిస్తాడు. అంతటితో లైటు పచ్చగా మారిపోతుంది.

"చెయ్యి వాచింది మేడమ్. జర దీన్ని ఇప్పుండ్రి," అంది మణెమ్మ.

మేడమ్ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెలా వస్తుంది?"

"తాళంచెవి మా కాంట్రాక్టర్ సారు కాడుంటది," అంది మణెమ్మ, గడ్డి కత్తెర అందుకుంటూ. "మీరు ఇంకో ఫొటో తీసుకోండ్రి. లైటు పచ్చగనే ఉంది."