మూడో నంబరు పైపు

"మిగతా నాలుగు పైపులూ మామూలుగానే ఉన్నాయి. మూడో నంబరు దానికే పూనకం వచ్చిందా?" అన్నాడు జగదీష్, వంటింటి గుమ్మంలో గొడుగు దులుపుతూ. సన్నీవేల్ ఆఫీసు నుంచి వానలో గంటసేపు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. కృష్ణమోహన్‌కి ఆయనే బాసు.

"మొన్న శుక్రవారం నీరు ఇరవై రెండు అడుగుల లోతున ఉంది సార్. ఇవాళ పద్నాలుగు. కొండ కింద పన్నెండు ఇళ్లున్నాయి. వెంటనే ఖాళీ చేయిద్దాం."

కృష్ణమోహన్ అద్దె ఇల్లు కొండవాలు పైనే ఉంది. ఆ వాలులో కంపెనీ దింపిన అయిదు సన్నటి పైపుల్లో మూడోది అతని పెరటి కంచె అవతలే. పీజోమీటర్ అంటారు. భూమి లోపల నీటి ఒత్తిడి పెరిగితే పైపులో నీరు పైకి వస్తుంది. మరీ పైకి వస్తే కొండ నిలవదు.

"కౌంటీవాళ్లు ఏమన్నారు?"

"రెడీగా ఉండమని ఇళ్లవాళ్లకి చెప్పారు. మన ఫోన్ కోసం చూస్తున్నారు."

"రీడింగ్ తప్పయితే? ముసలివాళ్లనీ పిల్లల్నీ వానలో రోడ్డు మీద నిలబెట్టామని తిడతారు. ఆ గడ్డం ఏమిటయ్యా, భయంతో షేవింగ్ కూడా మానేశావా?"

"మా పెదనాన్నగారు పోయారని టెలిగ్రామ్ వచ్చింది సార్. మైల. ఇవాళ ఎనిమిదో రోజు."

"అయ్యో, పాపం. సరే పద, నా కళ్లతో చూస్తాను."

ఇద్దరూ కంచె దాటారు. కృష్ణమోహన్ మూత తీసి టేపు దించాడు. కొస నీటికి తగిలి బజర్ మోగింది. పదమూడున్నర. పొద్దుటికంటే నీరు అర అడుగు పైకి వచ్చింది.

టేపు పైకి లాగితే కొసకి ఏదో అంటుకుని వచ్చింది. జగదీష్ దాన్ని వేలితో తీసి వాసన చూశాడు.

నల్లబడిన తులసి ఆకు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెరటి గుమ్మంలో కృష్ణమోహన్ భార్య నళిని నిలబడి ఉంది.

"నళినీ! ఇందులో నీళ్లు పోశావా?"

ఆమె ముఖం పాలిపోయింది. "అభిషేకం నీళ్లండీ. సింకులో ఎలా పొయ్యను? గడ్డిలో పోస్తే తొక్కుతారు. మూత ఉంది, శుభ్రంగా భూమిలోకి పోతాయి కదా అని రోజూ ఓ చిన్న గ్లాసు... కానీ ఇప్పుడు..."

జగదీష్ పగలబడి నవ్వాడు. "అమ్మా తల్లీ! సన్నటి పైపు, చుట్టూ బంకమన్ను. రోజూ గ్లాసెడు పోస్తే పెరగక ఏం చేస్తుంది? కొండంతా కదిలిందనుకున్నాం, కదిలింది నీ భక్తి!"

"అది కాదు అన్నయ్యగారూ..."

"నువ్వు మాట్లాడకు," అన్నాడు కృష్ణమోహన్. సిగ్గుతో అతని చెవులు కాలుతున్నాయి.

జగదీష్ లోపలికి వెళ్లి కౌంటీకి ఫోన్ చేశాడు. భయం లేదు, ఎవరి ఇళ్లలో వాళ్లు ఉండొచ్చు అన్నాడు. కృష్ణమోహన్ భుజం తట్టి కారెక్కాడు.

వంటింటి కిటికీలోంచి వాలు కింద ఇళ్లు కనిపిస్తున్నాయి. కార్లలో సర్దిన పెట్టెల్ని మళ్లీ లోపలికి మోస్తున్నారు. ఒకావిడ చంటిబిడ్డను దుప్పటిలో చుట్టుకుని మెట్లెక్కుతోంది. తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

కృష్ణమోహన్ కోపమంతా దిగిపోయింది. దేవుడి నీళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చా అని అతనికే సందేహం వచ్చింది. మెత్తగానే చెప్పాడు.

"ఇంకెప్పుడూ ఆ పైపు జోలికి వెళ్లకు. రేపటి పూజ నీళ్లు బకెట్లో పోసి ఉంచు. నేనే ఎక్కడైనా చెట్టు మొదట్లో పోస్తాను."

నళిని అతని మాసిన గడ్డం వైపు చూసింది.

"రేపు పూజెక్కడిదండీ? అదే చెప్పబోతుంటే మీరు నోరు మూయించారు. మైల పట్టిన రోజు నుంచీ ఆ పైపులో నేను చుక్క నీళ్లు పొయ్యలేదు."