ఏడు సీసం బిళ్ళలు

"అరవై ఒకటి!" కాటా ముల్లు చూసి నోరెళ్ళబెట్టాడు గో-కార్ట్ రేసుబళ్ళ మెకానిక్. "పోయిన నెల యాభై నాలుగేగా పాపా! రాళ్ళేమైనా మింగావా?"

కాటా మీదున్న అమ్మాయి రేసు జాకెట్ దగ్గరికి లాక్కుంది. "ఈ మధ్య బాగా తింటున్నా అంకుల్."

వాళ్ళ నాన్న గోడకి ఆనించిన రెండు చాసిస్‌ చట్రాలనీ చూశాడు. "రేపటి రేసుకి ఏది బిగిస్తావు?"

"సన్న గొట్టాలది ఈ బరువుకి మరీ వంగిపోతుంది సార్. లావు గొట్టాలదైతే, మన ట్రాక్ మీద టైర్లకి పట్టెక్కువ కదా, మలుపులో బండి గెంతులేస్తుంది. ఈ బరువుకి రెండూ పనికిరావు."

"అయితే నేను మానేయాల్సిందేనా?" అమ్మాయి మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు చూశాక మెకానిక్‌కి విషయం అర్థమైంది. సీటుకి బరువు కోసం బిగించే సీసం బిళ్ళలు కనిపించక పొద్దున్నుంచీ షెడ్డంతా గాలిస్తున్నాడు. జాకెట్ జేబులు బరువుకి కిందికి సాగిపోయి ఉన్నాయి. చూపు తిప్పుకున్నాడు.

"మానేస్తేనే మంచిది సార్," అన్నాడు గబగబా.

తండ్రి కూతురి దగ్గరికొచ్చి, జేబులో చెయ్యి పెట్టి, కిలో బిళ్ళ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఇంకొకటి. అమ్మాయి కాటా మీదే బిగుసుకుపోయింది. ఏడోది తీసేసరికి ముల్లు యాభై నాలుగు దగ్గర ఆగింది.

"సన్న గొట్టాలదే బిగించు," అన్నాడు మెకానిక్‌తో.

ఎందుకు చేశావమ్మా అని మాత్రం అడగలేదు.